ఆరు మాత్రలు, ఒక టెంక

ఐదో తరగతిలో రెండేళ్లు కూర్చున్నాను కాబట్టి ఆరు చదివినట్టే లెక్క అని ఊళ్లో అందరికీ చెప్పుకుంటాను. ఆ చదువుతోనే అరవై మూడేళ్లు బతుకు సాగింది గానీ, నా ఒంట్లో ప్రొస్టేట్ అనే గ్రంథి ఒకటి ఉందని మాత్రం తెలియలేదు. అదే తనంతట తాను పరిచయం చేసుకుంది. పొద్దున్నే తోటలో ఒంటికని ఒక పక్కకు వెళ్లి నిలబడితే, నేను తిరిగొచ్చేలోపల మావాళ్లు ఒక వరస మొక్కలకు అంటు కట్టి రెండో వరసకు పోయేవాళ్లు. బావిలో నీళ్లున్నాయి, మోటారే మొరాయిస్తోందని వాళ్లకంటే ముందు నేనే చెప్పేసేవాణ్ణి. ఇంకొకరు నవ్వకముందే మనమే నవ్వేస్తే సగం బాధ పోతుంది. మిగతా సగానికి హోసూరు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లవలసి వచ్చింది.

నా పని మామిడి అంటు కట్టడం. వేప్పనపల్లి దగ్గర మా ఊరు. ఇక్కడ మామిడి తోట లేని ఇంటికి పిల్లనివ్వడానికి ఆలోచిస్తారు. నాకు తోట లేదు, చేతిలో కత్తి ఉందని ఇచ్చారు. టెంక నాటితే మొలిచిన లేత మొక్క తల తీసి, పైనుంచి కిందికి చీల్చాలి. మంచి కాపు కాసే చెట్టు పుల్లను తెచ్చి, మొన చెక్కి, ఆ చీలికలో దించాలి. ఆ మీద ప్లాస్టిక్ పట్టీ చుట్టాలి. కోసేది నేను, కట్టేది నా భార్య. ముప్పై నాలుగేళ్లు అలాగే ఎదురెదురుగా కూర్చున్నాం, మధ్యలో మొక్క. ఆమె కడితే చినుకు దూరేది కాదు. గాయంలోకి నీళ్లు పోయాయంటే అంటు కుళ్లుతుంది. నా కోత ఎంత వంకరగా ఉన్నా ఆమె కట్టులో సర్దుకునేది. బయటికి మాత్రం, నా కత్తి వల్లే పేరొచ్చిందని నేను చెప్పుకునేవాణ్ణి. ఆమె పట్టీని పళ్లతో తెంపుతూ ఓరకంట చూసేది, అంతే.

మాకు పిల్లలు లేరు. తొమ్మిదేళ్ల కిందట కావేరిపట్టణం సంతలో ఆమె ఒక మామిడిపండు తిన్నది. ఏ జాతో అమ్మినవాడికీ తెలియదు, ఎవరో గంపలో పోసి వెళ్లారన్నాడు. ఆ టెంకను కొంగులో ముడి వేసుకుని వచ్చి, మా ఇంటి వెనక నాటింది. మొలకెత్తింది. నేను కత్తి తీసుకుని వెళ్లాను. మంచి పుల్ల ఒకటి కడితే మూడేళ్లకు కాపొస్తుంది కదా అని. ఆమె మొక్కకు అడ్డంగా నిలబడింది. జిల్లాలో ఉన్న మొక్కలన్నిటి తలలూ కోశావు, దీన్ని వదిలిపెట్టమన్నది.

టెంకచెట్టు కాపుకు రావడానికి ఏడేళ్లు, ఎనిమిదేళ్లు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. వచ్చినా తల్లి పండు రుచే వస్తుందని నమ్మకం లేదు. తియ్యనిదో పుల్లనిదో, నోట్లో పెట్టుకునేదాకా ఎవరికీ తెలియదు. నేనది చెప్పి ఎగతాళి చేస్తే, నిన్ను కూడా అలాగే కట్టుకున్నాను కదా అన్నది.

మూడేళ్ల కిందట ఒకరోజు పొద్దున వాకిలి ఊడ్చి, లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, మళ్లీ లేవలేదు. చెట్టు అప్పటికి నా కంటే రెండు మూరలు ఎత్తు. కాపు లేదు.

ఈ ఏడు పూత వచ్చింది. మంచుకు సగం మాడింది, గాలికి సగం రాలింది. చివరికి పదకొండు కాయలు నిలిచాయి. రోజూ పొద్దున లెక్కపెట్టేవాణ్ణి. పదకొండు లెక్కపెట్టడానికి ఆరో తరగతి చాలు. ఆమె ఆరేళ్లు ఎదురుచూసి, చూడకుండానే పోయిన రుచి అది, ముందు నా నోటికే తెలియాలి. ఈ ఒక్క కోరిక తప్ప ఆ వేసవిలో నాకు ఇంకేమీ లేదు. సరిగ్గా కాయలు పసుపు తిరిగే రోజుల్లోనే నాకు ఒంటికి పోయే దారి పూర్తిగా మూసుకుపోయింది.

హోసూరుకు తీసుకుపోయింది నా మరదలు, అంటే నా భార్య చెల్లెలు. మా పక్కిల్లే. అక్క పోయినాక నా ఎదురుగా కూర్చుని పట్టీ కట్టేది ఇప్పుడు ఆమే. నోరు మాత్రం అక్కకంటే రెండింతలు. డాక్టరమ్మ కూడా మా పక్కదే, మా తెలుగే మాట్లాడుతుంది. ముందు గొట్టం వేసి మూత్రం తీసి, పరీక్షకు పంపించారు. అందులో క్రిములు లేవని తెలిసినాకే ఆపరేషనుకు రోజు పెట్టారు. ఆ రోజు లోపలికి తీసుకుపోయే ముందు చేతికి ఒక సూది వేశారు. జ్వరమే లేదు కదా, సూది ఎందుకని అడిగాను. ఆ దారి ఎప్పుడూ శుభ్రంగా ఉండే దారి కాదనీ, పరికరాలూ గొట్టమూ లోపలికి పోయేటప్పుడు క్రిములు కూడా వెంట పోతాయనీ, అవి నెత్తురులోకి దిగకముందే మందు అక్కడ కాపలా ఉండాలనీ చెప్పింది. మేమూ అంతే, కోసిన పుల్లను మందునీళ్లలో ముంచి తీసే కడతామన్నాను. ఆ మాటకు ఆమె నవ్వింది. నాకు ధైర్యం వచ్చింది. డాక్టరును నవ్వించినవాడు చావడని నాకొక లెక్క.

మూడో రోజు గొట్టం తీశారు. తీసినప్పుడు ప్రాణం కళ్లలోకి వచ్చింది గానీ, ఆ మీద వచ్చిన ధార చూసి నాకు పదహారేళ్ల వయసు గుర్తొచ్చింది. ఇంటికి పంపిస్తూ పది మాత్రలు ఇచ్చారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఐదు రోజులు. బాగైపోయిందని మధ్యలో ఆపకూడదు. నీళ్లు బాగా తాగాలి. చలి పెట్టినా, జ్వరం వచ్చినా, ఒంటికి వెళ్తే మంట పుట్టినా ఆలోచించకుండా బయలుదేరి రావాలి. ఇవన్నీ డాక్టరమ్మ నాకు ఒకసారి, మరదలికి రెండుసార్లు చెప్పింది. మనుషులను బాగానే అంచనా వేసింది.

రెండు రోజులు బుద్ధిగా మింగాను. ఆ సాయంత్రం ఇంటి వెనక్కి వెళ్లి చూస్తే, కింది కొమ్మకున్న కాయ ఒకటి నిండా పండి, తొడిమ దగ్గర వాసన వేస్తోంది. ఇంకో రోజో రెండు రోజులో, ఉడతకో నాకో.

ఇక్కడ మా ఇంటి పత్యం గురించి చెప్పాలి. ఇంగ్లీషు మాత్ర ఒంట్లో ఉన్నన్నాళ్లు మామిడిపండు ముట్టరాదు. పండు వేడి, మాత్ర వేడి. ఒంట్లో గాయం ఉంటే చీము పడుతుంది. పండు తినాలంటే తినడానికి ముందొక రోజు, తిన్న రోజు, తర్వాతొక రోజు మాత్ర ఉండకూడదు. ఇది నా భార్య పెట్టిన కట్టడి. ముప్పై నాలుగేళ్లు మా ఇంట్లో ఇదే చట్టం. ఆమె పోయినాక నేను ఇంటిని మార్చాను, వంట మార్చాను, పడుకునే చోటు మార్చాను. ఈ చట్టాన్ని మార్చే అధికారం మాత్రం నాకు ఎవరూ ఇవ్వలేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి, అమ్మా, పండు తినొచ్చా అని అడిగితే ఒక్క నిమిషం పని. ఆ నిమిషం నేను ఖర్చు పెట్టలేదు. మూడు రోజులు మాత్రకు సెలవు ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను. ధార బాగుంది, నొప్పి లేదు, ఇంకెందుకు? మిగిలిన ఆరు మాత్రలనూ అంటు పట్టీలు పెట్టుకునే రేకు డబ్బాలో అడుగున దాచాను. మరదలు పూటపూటా గోడ అవతలి నుంచి మాత్ర తిన్నావా బావా అని అడిగేది. తిన్నానమ్మా అనేవాణ్ణి. అబద్ధం చెప్పడంలో నా చదువు కాలేజీ దాకా పోయింది.

ఒక రోజు మాత్ర లేకుండా గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం కాయ తెంపాను. కడిగి, చెట్టు కిందే కూర్చుని, అంటు కట్టే కత్తితోనే కోశాను. ఆమె కోయొద్దన్నది చెట్టును, కాయను కాదు. చెట్టుకైతే నా కత్తి ఇంతవరకు తగల్లేదు.

రుచి చెప్పమంటారా? గొప్ప పండేమీ కాదు. పీచు ఎక్కువ. మొదట తీపి తగిలి, మింగేటప్పుడు నాలుక అంచున పులుపు నిలబడుతుంది. సంతలో పెడితే రెండోసారి అడిగేవాళ్లు ఉండరు. కానీ వాసన మాత్రం చెయ్యి కడుక్కున్నాక కూడా పోలేదు. ఆమెకు చెప్పాలనిపించింది. ఎవరికి ఎంత చెప్పినా, చెప్పవలసిన మనిషికి చెప్పనంతవరకు ఆ మాట గొంతులోనే ఉండిపోతుంది. నేను రెండు చెంపలూ తిన్నాను. మా ఇంట్లో పద్ధతి అదే, చెంపలు నావి, టెంక ఆమెది. అసలు రుచి టెంకకే అంటుకుని ఉంటుందని ఆమె వాదన. ముప్పై నాలుగేళ్లు నాకు ఒక్క టెంకైనా చీకనివ్వలేదు. ఆ రోజు టెంక చేతిలో మిగిలింది. ఏం చెయ్యాలో తోచలేదు. నోటిదాకా తీసుకుపోయాను, నోట్లోకి పోలేదు. ఈగలు వచ్చేదాకా పట్టుకుని కూర్చుని, తర్వాత కడిగి, ఎండబెట్టి, మాత్రలున్న డబ్బాలోనే పెట్టాను.

మరునాడు పగలు రెండు గంటలప్పుడు చలి పట్టుకుంది. మా పక్క మామిడి కాలం ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో నేను మంచం వాకిట్లోకి లాక్కుని, దుప్పటి కప్పుకుని, పళ్లు టకటకమని కొట్టుకుంటూ పడుకున్నాను. ఒంటికి వెళ్తే నిప్పు పోసినట్టుంది. మరదలు చూసి పరిగెత్తి వచ్చింది. ఊటీకి పోయొచ్చినానమ్మా, చలి ఇంకా దిగలేదని చెప్పానట. నాకు గుర్తు లేదు. ఆమె నుదురు ముట్టి చూసి, నేరుగా లోపలికి వెళ్లింది. మాత్రల అట్ట కోసం అర దగ్గర వెతికింది, దిండు కింద వెతికింది. చివరికి రేకు డబ్బా మూత తీసింది. బయటికి వచ్చినప్పుడు ఒక చేతిలో ఆరు మాత్రలు, ఇంకో చేతిలో టెంక. ఆ నోరున్న మనిషి ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు. నాకు మొదటిసారి భయమేసింది.

నా తోడల్లుడిది కాయలు మోసే బండి. కృష్ణగిరి మండీకని ఎత్తిన ట్రేలను సగం దించి, ఆ ఖాళీలో నన్ను పడుకోబెట్టారు. హోసూరు దాకా నా తల చుట్టూ మామిడికాయలే. మధ్యలో ఎక్కడో, నన్ను కూడా గ్రేడింగ్ చేస్తారా, మచ్చకాయ కింద తోసేస్తారా అని అడిగాను. మరదలు నా చెయ్యి పట్టుకునే ఉంది. నవ్వలేదు. ఆమె చెయ్యి బొటనవేలి పక్కన పట్టీ లాగి లాగి కాయ కాచి ఉంటుంది. అక్క చేతికీ అక్కడే ఉండేది. కళ్లు మూసుకుంటే ఎవరి చెయ్యో తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

డాక్టరమ్మ మొదట నెత్తురు తీయించింది, మూత్రం పరీక్షకు పంపింది, ఆ తర్వాతే సెలైనులో మందు ఎక్కించమన్నది. క్రిములు నెత్తురులోకి దిగాయి, బీపీ పడిపోతోంది అన్నది. రెండు రోజులు నేను ఎక్కడున్నానో నాకు తెలియదు. మూడో రోజు తెలివొచ్చాక ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. మాత్రలు ఎందుకు ఆపావని అడిగింది. మరదలు అప్పటికే చెప్పేసిందని తెలుసు కాబట్టి, పత్యమమ్మా అన్నాను. ముందొక రోజు, తిన్న రోజు, తర్వాతొక రోజు. చెట్టు సంగతి కూడా చెప్పాను. సగంలో ఆపి, దగ్గినట్టు నటించాను.

ఆమె నా కేసు కాగితాలు మూసి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అన్నది:

“మామిడిపండు తినొద్దని నేను యాడ చెప్పినానప్పా? ఒక చేత్తో పండు తిని, ఇంకో చేత్తో మాత్ర ఏసుకోనుంటే సరిపోయిండేది.”

మాత్ర ఆపినందుకే జ్వరం వచ్చిందని ఒట్టు వేసి చెప్పలేననీ, అన్నీ సరిగ్గా చేసినవాళ్లకు కూడా ఒక్కోసారి వస్తుందనీ అన్నది. కానీ ఆపరేషన్ గాయం పచ్చిగా ఉన్నప్పుడు కాపలావాణ్ణి మూడు రోజులు ఇంటికి పంపించావు, తలుపు తెరిచింది నువ్వే కదా అన్నది. సగం మందు తిన్న క్రిమి మొండిదైతే ఆ మాత్రకు మళ్లీ లొంగదు. అందుకే పరీక్షలో ఏ మందుకు చస్తుందో చూసి దాన్ని ఎక్కిస్తున్నామనీ, ఇంకో వారం ఇక్కడే ఉండాలనీ చెప్పింది. నాకు నా పనే గుర్తొచ్చింది. అంటు అతుక్కోకముందే పట్టీ విప్పి చూసేవాళ్లు ఉంటారు, చిగురొచ్చింది కదా అని. పుల్ల ఎండిపోతుంది. అలాంటివాళ్లను నేను ముప్పై ఏళ్లుగా తిడుతున్నాను. ఇప్పుడు నన్ను ఎవరు తిట్టాలి? తిట్టవలసిన మనిషి లేదు. ఆ వారమంతా మంచం మీద పడుకుని నేను వినాలనుకున్నది ఆ తిట్టే. జ్వరంలో ఒకసారి వాకిలి ఊడ్చే చప్పుడు వినిపించి, లేచి కూర్చున్నాను. ఆయమ్మ ఎవరో వార్డు ఊడుస్తోంది. ఊడ్చినంతసేపూ కళ్లు మూసుకుని విన్నాను.

ఇంటికి పోయే ముందురోజు మరదలు సంచిలోంచి ఒక పండు తీసింది. పదకొండులో ఐదు గాలికి రాలాయట, నాలుగు ఉడతలూ చిలకలూ తిన్నాయట. ఒకటి నేను తిన్నాను. మిగిలింది ఇదొక్కటే. నర్సు చూస్తుండగా మాత్ర వేసుకుని, ఆ మీద పండు తిన్నాను. ఏమీ కాలేదు. ముప్పై నాలుగేళ్ల చట్టం అలా హోసూరులో, ఇనుప మంచం మీద, సాయంత్రం ఐదు గంటలకు పోయింది. మరదలికి ఒక చెంప ఇచ్చాను. పీచు పళ్లలో ఇరుక్కుందని గొణుక్కుంటూ తిన్నది. టెంకను నేనూ చీకలేదు, ఆమె కూడా చీకలేదు. కాగితంలో చుట్టి సంచిలో పెట్టింది.

ఈసారి ఇంటికి ఇచ్చిన మాత్రలను మరదలు తన దగ్గరే పెట్టుకుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చేతిలో పెట్టి, నేను మింగి నోరు తెరిచి చూపించేదాకా కదిలేది కాదు. నాలుక కింద కూడా చూసేది. చివరి మాత్ర అయిపోయాక ఖాళీ అట్టను ఆమే పొయ్యిలో వేసింది.

మొదటి వానలు పడ్డాక మళ్లీ పనిలో కూర్చున్నాం. ఎదురెదురుగా, మధ్యలో మొక్క. బరువు ఎత్తొద్దన్నారు గానీ కత్తి పట్టొద్దని అనలేదు. నేను కోస్తున్నాను, ఆమె కడుతోంది. సన్నగా తుంపర మొదలైంది. ఆమె కట్టిన మొక్కను ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, పట్టీ వదులుగా ఉందని ఎప్పటిలాగే వంక పెట్టాను. మామూలుగా అయితే దానికి పది మాటలు అనేది, ఆ రోజు ఊరుకుంది. ఆమె ఊరుకుంటే నాకు ఊపిరాడదు. అందుకని ఇంకొకటి అన్నాను, ఈసారి తమాషాకు కాదు. మీ అక్క ఉండింటే నాకు ఈ గతి పట్టేదే కాదు, పూటపూటా లెక్కపెట్టి మింగించుండేది, ఒక్క మాత్ర కూడా తప్పనిచ్చేది కాదు అన్నాను.

మరదలు పట్టీని పళ్లతో తెంపి, తుంపరలో తడిసిన మొహం భుజానికి తుడుచుకుని, నా వైపు చూసింది.

“ఆ పత్యం నీకు నేర్పిందే అక్క కదా బావా. ఉండింటే నీకంటే ముందు తానే మాత్రలు దాచిపెట్టి, నీ పక్కన కూసోని, టెంక చీకుతా ఉండును.”